విమానాలలో ఇంధన విసర్జన

ఎగురుతున్న విమానము తన బరువును త్వరగా తగ్గించుకొనుటకై ఇంధనమును గాలిలోనికి వదలివేయుటను ఇంధన విసర్జన అంటారు. ఆంగ్లములో దీనిని ఫ్యూయల్ డంపింగ్ అని, ఫ్యూయల్ జెట్టిసన్ అని వ్యవహరిస్తారు. దూరప్రయాణము కొరకు ట్యాంకుల నిండుగా ఇంధనము నింపుకొని బయలుదేరిన పెద్ద విమానము, ఏదో ఒక లోపము వలన కొద్దిసేపటికే వెనుకకు తిరిగి దిగవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతి అవసరమవుతుంది. ఇది నిత్యము జరిగే పని కాదు. అనేకమంది పైలట్లు తమ ఉద్యోగకాలమంతటిలో ఒక్కసారి కూడా నిజమైన విసర్జన చేయకుండానే పదవీవిరమణ చేస్తారు. అన్ని విమానాలకూ ఈ సౌకర్యము ఉండదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయము.

వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల నుండి ఉపాధి కొరకు గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు, చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళేవారు చాలామంది హైదరాబాదు శివార్లలోని శంషాబాదు వద్ద గల రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము నుండే బయలుదేరుతారు. వారు ఎక్కే విమానాలలో ఇంధనము వదలగలిగినవీ ఉన్నవి, వదలలేనివీ ఉన్నవి. ఆపద సమయములో ఈ రెండు రకాల విమానాలు అనుసరించే మార్గాలు వేరువేరుగా ఉంటాయి.

బరువు పరిమితులు

ప్రతి విమానానికి తయారీ సంస్థ కొన్ని గరిష్ఠ బరువులను నిర్ణయిస్తుంది. వాటిలో ఈ వ్యాసానికి ముఖ్యమైనవి రెండు. నేలను వీడి పైకి లేవగల గరిష్ఠ బరువు ఒకటి, నేలపై దిగదగిన గరిష్ఠ బరువు రెండవది. పెద్ద విమానాలలో రెండవది మొదటి దానికంటే చాలా తక్కువగా ఉంటుంది.

ఈ తేడా ఎందుకన్న ప్రశ్న సహజముగానే వస్తుంది. ధాన్యపు బస్తాలతో నిండిన ట్రాక్టరు రోడ్డుమీద నిదానముగా పోగలదు. అదే బరువుతో కాలువగట్టు మీద నుండి ఒక్కసారిగా క్రిందికి దిగితే ఇరుసు విరగవచ్చును. విమానము పైకి లేచునప్పుడు చక్రాల మీద పడే భారము క్రమముగా రెక్కలకు బదిలీ అవుతుంది. దిగునప్పుడు అట్లు కాదు. నిలువుగా క్రిందికి వస్తున్న వేగమంతా చక్రాల కాళ్ళు, వాటిని పట్టియున్న రెక్కల మూలాలు ఒక్క క్షణములో భరించవలసి ఉంటుంది. పైకి లేచే గరిష్ఠ బరువుతోనే నిత్యమూ దిగుటకు తగినంత దృఢముగా విమానమును నిర్మించవచ్చును గానీ, అప్పుడు విమానపు సొంత బరువు పెరిగి, మోసుకొనిపోయే ప్రయాణీకులూ సరుకూ తగ్గిపోతాయి. మామూలు ప్రయాణములో గమ్యము చేరేసరికి ఇంధనములో చాలా భాగము ఎటూ ఖర్చయిపోతుంది కనుక, ఆ అదనపు దృఢత్వము ఏటా ఒకటి రెండు సందర్భాల కొరకు ప్రతిరోజూ మోసే భారమవుతుంది.

అయితే భారీ బరువుతో దిగితే విమానము విరిగిపోతుందని భావించరాదు. అమెరికా నియమావళి ప్రకారము పెద్ద ప్రయాణీకుల విమానము దిగదగిన గరిష్ఠ బరువు వద్ద సెకనుకు 10 అడుగుల (సుమారు 3 మీటర్లు) నిలువు వేగముతో నేలను తాకినా తట్టుకొనవలెను. పైకి లేచే గరిష్ఠ బరువు వద్ద సెకనుకు 6 అడుగుల (సుమారు 1.8 మీటర్లు) వేగమును తట్టుకొనవలెను. మామూలుగా విమానము నేలను తాకే నిలువు వేగము సెకనుకు ఒక మీటరు కంటే తక్కువే. కాబట్టి పూర్తి బరువుతోనైనా మృదువుగా దిగితే ప్రమాదమేమీ ఉండదు. తరువాత ఇంజనీర్లు విమానమును ప్రత్యేకముగా తనిఖీ చేసిన పిమ్మటనే మళ్ళీ ఎగురనిస్తారు.

కొన్ని విమానాల అంకెలు చూస్తే ఈ తేడా ఎంత ఉంటుందో తెలుస్తుంది. బోయింగ్ 777-200ఎల్ఆర్ గరిష్ఠముగా 347 టన్నులకు పైగా బరువుతో పైకి లేవగలదు, కానీ 223 టన్నులతోనే దిగవలెను. తేడా 124 టన్నులు. గల్ఫ్ మార్గాలలో విరివిగా నడిచే 777-300ఇఆర్ విషయములో ఈ బరువులు 351, 251 టన్నులు. 787-9 కు 254, 193 టన్నులు. చిన్న విమానాలకు వచ్చేసరికి తేడా బాగా తగ్గుతుంది. బోయింగ్ 737-800 కు 79, 66 టన్నులు, ఎయిర్‌బస్ ఎ320 నియోకు 79, 67 టన్నులు. హైదరాబాదు నుండి తిరుపతి, రాజమండ్రి వంటి దగ్గరి ఊళ్ళకు తిరిగిన పంకాల విమానము ఎటిఆర్ 72-600 కైతే 23 టన్నులు, 22.35 టన్నులు మాత్రమే. దానికి పైకి లేచిన వెంటనే దిగవలసి వచ్చినా చిక్కేమీ లేదు.

దిగే బరువు పెరిగితే ఆపుట కూడా కష్టమవుతుంది. బ్రేకులు హరించవలసిన శక్తి బరువుకూ, వేగపు వర్గానికీ అనుపాతములో ఉంటుంది. బరువు పెరిగితే దిగే వేగమూ పెరుగుతుంది గనుక, స్థూలముగా ఆ శక్తి బరువు యొక్క వర్గానుపాతములో పెరుగుతుందని చెప్పవచ్చును. పైన చెప్పిన 777-200ఎల్ఆర్ 223 టన్నులకు బదులు 347 టన్నులతో దిగితే బ్రేకులపై పడే శక్తి దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. బ్రేకులు ఎర్రగా కాలి, ఆ వేడికి టైర్లు పేలిపోకుండా చక్రాలలో అమర్చిన ప్రత్యేకపు బిరడాలు కరిగి గాలిని వదలివేస్తాయి. ఆ తరువాత విమానము రన్‌వే మీదనే నిలిచిపోతుంది. శంషాబాదు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు కావడము ఇటువంటి సమయాలలో కలిసివచ్చే విషయము.

నియమాల పుట్టుక

తొలి తరపు జెట్ విమానాల కాలములో అమెరికాలో ఒక సరళమైన నియమముండేది. పైకి లేచే గరిష్ఠ బరువు, దిగే గరిష్ఠ బరువులో 105 శాతమును మించితే ఆ విమానానికి ఇంధన విసర్జన యంత్రాంగము తప్పనిసరి. బోయింగ్ 707, డగ్లస్ డిసి-8 వంటివి ఈ నియమము క్రిందనే ఆ యంత్రాంగమును పొందినవి. 1960వ దశకము చివరికి ఈ నియమమును మార్చారు. విమానము దిగుట రద్దుచేసుకొని మళ్ళీ పైకి లేవవలసి వస్తే, ఒక ఇంజను పనిచేయకపోయినా, తగినంత ఏటవాలుగా ఎక్కగలదా అన్నదే అసలు పరీక్షగా మారింది. గరిష్ఠ బరువుతో బయలుదేరి 15 నిమిషాలలో తిరిగి వచ్చిన విమానము ఈ పరీక్షలో నెగ్గితే విసర్జన యంత్రాంగము అక్కరలేదు. నెగ్గకపోతే, 15 నిమిషాలు ఇంధనము వదలిన పిమ్మటనైనా నెగ్గేటట్లు యంత్రాంగమును అమర్చవలెను.

ఈ మార్పు యొక్క తాత్పర్యమును గమనించవలెను. ఇంధన విసర్జనను తప్పనిసరి చేసిన కారణము చక్రాల కాళ్ళ బలము కాదు, ఇంజన్ల బలము. రెండు ఇంజన్ల విమానములో ఒకటి ఆగిపోయినా ఎక్కవలసి ఉంటుంది గనుక ఆ ఇంజన్లు మొదటినుండీ శక్తిమంతముగానే ఉంటాయి. అందువలన 737, ఎ320 కుటుంబము, 757 వంటివి ఈ యంత్రాంగము లేకుండానే అనుమతి పొందగలిగినవి. ఎ330 కు, 767 లో కొన్ని రకాలకు ఇది కొనుగోలుదారు కోరుకుంటే అమర్చే సౌకర్యము. 747, 777, 787, ఎ340, ఎ380, పాత తరపు డిసి-10, ఎండి-11 విమానాలకు ఉన్నది.

ఎండకూ ఎత్తుకూ కూడా ఇక్కడ పాత్ర ఉన్నది. గాలి వేడెక్కితే పలుచనవుతుంది, ఇంజన్ల బలమూ రెక్కల ఎత్తుడు శక్తీ తగ్గుతాయి. శంషాబాదు సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అక్కడినుండి పూర్తి బరువుతో లేచే విమానానికి, చలికాలపు ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేచే అదే రకపు విమానానికి ఎక్కే సామర్థ్యములో స్పష్టమైన వ్యత్యాసముంటుంది.

యంత్రాంగము పనిచేయు తీరు

ప్రయాణీకుల విమానాలలో ఇంధనము ప్రధానముగా రెక్కలలోని ట్యాంకులలోనూ, రెండు రెక్కల నడుమ విమానపు ఉదరభాగములోని ట్యాంకులోనూ ఉంటుంది. విసర్జన కొరకు వేరుగా పంపులు, కవాటాలు, గొట్టాలు ఉంటాయి. గొట్టాల చివరలు రెక్కల వెనుక అంచున, ఇంజన్లకు దూరముగా, రెక్క కొసకు దగ్గరగా ఉంటాయి. వదలిన ఇంధనము విమానపు ఏ భాగమునూ తాకరాదు. దాని ఆవిరి లోపలికి రారాదు. విమానమును తయారుచేసినప్పుడు రంగునీటితోనో ఇంధనముతోనో ఎగిరి చూసి ఈ విషయమును రుజువు చేయవలసి ఉంటుంది.

కాక్‌పిట్‌లో పైకప్పు ఫలకము మీద మూతలు గల స్విచ్చులు ఉంటాయి. పొరపాటున చేయి తగిలి ఇంధనము పోకుండుటకే ఆ మూతలు. మొదట యంత్రాంగమును సిద్ధస్థితిలోనికి తెచ్చి, ఎంత ఇంధనము మిగలవలెనో నిర్ణయించి, ఆ పిమ్మట కవాటాలను తెరుస్తారు. కొత్త విమానాలలో కంప్యూటరే దిగదగిన గరిష్ఠ బరువుకు సరిపడా ఇంధనము మిగిలేటట్లు లెక్కవేసి, ఆ స్థాయి రాగానే విసర్జనను ఆపివేస్తుంది. పైలట్లు ఏ క్షణములోనైనా ఆపగలిగి ఉండవలెనన్నది నియమము. ట్యాంకులు పూర్తిగా ఖాళీ కాకుండా మరొక రక్షణ కూడా ఉన్నది. సముద్రమట్టము నుండి 10,000 అడుగుల ఎత్తుకు ఎక్కి, ఆపైన 45 నిమిషాలు ప్రయాణించుటకు సరిపోయే ఇంధనము తప్పక మిగలవలెను. పంపులు ఇంధనమును పీల్చుకొనే రంధ్రమును ట్యాంకు అడుగున కాక కొంత ఎత్తున అమర్చితే, మట్టము అంతవరకు తగ్గగానే పీల్చుట దానంతట అదే ఆగిపోతుంది. చాలా పాత ఉపాయమే అయినా ఇప్పటికీ దీనికి సాటి లేదు.

వదిలే వేగము విమానపు రకమును బట్టి నిమిషానికి ఒక టన్ను నుండి రెండున్నర టన్నుల వరకు ఉంటుంది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుండి షికాగోకు ఎక్కడా ఆగకుండా వెళ్ళే సర్వీసును 777-200ఎల్ఆర్ విమానముతో ప్రారంభించింది. అటువంటి విమానము గరిష్ఠ బరువుతో లేచి వెంటనే వెనుకకు రావలసి వచ్చిందని ఊహించుకొంటే, 124 టన్నులు తగ్గించవలెను. నిమిషానికి రెండున్నర టన్నుల చొప్పున దాదాపు 50 నిమిషాలు పడుతుంది. లీటరు విమాన ఇంధనము సుమారు 800 గ్రాములు తూగుతుంది గనుక ఇది 1,55,000 లీటర్లు, అనగా 12 వేల లీటర్లు పట్టే లారీ ట్యాంకర్లు పదమూడు. ఇందులో ఇంజన్లు ఈలోగా త్రాగే భాగమును లెక్కలోనికి తీసుకోలేదు.

వదిలే క్రమానికి కూడా కారణమున్నది. రెక్కలలోని ఇంధనపు బరువు, గాలి పైకి ఎత్తే బలమును కొంత ఎదుర్కొని, రెక్కల మూలము మీద పడే వంపును తగ్గిస్తుంది. అందుచేత ఇంధనము కాక మిగిలిన బరువుకు వేరే పరిమితి ఒకటి పెట్టారు. సాధారణముగా ఉదరపు ట్యాంకును ముందుగా ఖాళీ చేస్తారు. ఎడమ కుడి రెక్కలలో సమతూకము తప్పకుండా చూడవలెను.

గగనతల నియంత్రణ

పైలట్ ముందుగా నియంత్రణ కేంద్రానికి విషయము తెలిపి, ఎంతసేపు విసర్జన చేయవలెనో చెప్పవలెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూచనల ప్రకారము ఇంధనమును పట్టణాలకు దూరముగా, వీలైతే నీటి మీద, ఉరుములు మెరుపులు ఉన్న మేఘాలకు దూరముగా వదలవలెను. ఎత్తు 6,000 అడుగులకు (1,800 మీటర్లకు) తగ్గరాదు. ఇతర విమానాలను అడ్డముగా కనీసము 10 నాటికల్ మైళ్ళ (19 కి.మీ.) దూరములో ఉంచుతారు. వదులుతున్న విమానము వెనుక 15 నిమిషాల ప్రయాణము లేదా 50 నాటికల్ మైళ్ళ మేర వచ్చే విమానాలు పైనైతే 1,000 అడుగులు, క్రిందనైతే 3,000 అడుగులు ఎడముగా ఉండవలెను. క్రింది ఎడము మూడు రెట్లు ఎందుకో చెప్పనక్కరలేదు, ఇంధనపు తుంపర క్రిందికే దిగుతుంది.

ముంబయి, చెన్నై, విశాఖపట్నం వంటి తీరనగరాలలో సముద్రము ప్రక్కనే ఉన్నది. హైదరాబాదుకు ఆ వెసులుబాటు లేదు. శంషాబాదు నుండి మచిలీపట్నం తీరము సూటిగా సుమారు 300 కి.మీ. దూరము. వేములవాడ సుమారు 145 కి.మీ. మాత్రమే. విమానాశ్రయానికి అతి దగ్గరలోనే నగరానికి త్రాగునీరు అందించుటకై కట్టిన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలు ఉన్నవి. కనుక ఇక్కడ విసర్జన చేయవలసి వస్తే ఎత్తే ప్రధానమైన రక్షణ. ఎంత పైన వదిలితే అంత మంచిది.

నేలపై ప్రభావము

వదలిన ఇంధనము విమానవేగపు గాలికి చెదరి సన్నని తుంపరగా మారుతుంది. చిన్న బిందువులు దిగుతూ దిగుతూ ఆవిరైపోతాయి. ఎత్తు ఎక్కువైతే ఆవిరగుటకు సమయము దొరుకుతుంది, వేడి ఎక్కువైతే త్వరగా ఆవిరవుతుంది. తెలంగాణ వేసవిలో తగినంత ఎత్తున వదిలితే నేలకు చేరేది అత్యల్పము. చలిదేశాలలో శీతాకాలమున కొంత ఎక్కువ భాగము చేరుతుంది. ఆవిరైనంత మాత్రాన ఇంధనము మాయమైపోదు. అది కొంతకాలము గాలిలో కాలుష్యముగా ఉంటుంది. అయితే విసర్జనలు అరుదు గనుక, మొత్తము విమానయానపు కాలుష్యములో వీటి వాటా స్వల్పము.

ఎత్తు నియమము పాటించకపోతే ఏమవుతుందో 2020 జనవరి 14న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కనబడింది. షాంఘైకి బయలుదేరిన డెల్టా సంస్థకు చెందిన 777 విమానము, ఇంజనులో లోపము వలన వెనుకకు తిరిగింది. ఇంధనము వదలవలసి ఉన్నదా అని నియంత్రణ కేంద్రము అడుగగా పైలట్లు అక్కరలేదన్నారు. కానీ తరువాత రన్‌వే వైపు దిగుతూ, నివాసప్రాంతాల మీద, చాలా తక్కువ ఎత్తున వదిలారు. కుడహీ అనే పట్టణములోని పార్క్ అవెన్యూ ప్రాథమిక పాఠశాలతో పాటు మరికొన్ని పాఠశాలల ఆవరణలలో ఆడుకొంటున్న పిల్లల మీద ఇంధనము వానవలె పడింది. పిల్లలూ ఉపాధ్యాయులూ కలిపి సుమారు 60 మందికి చర్మము, శ్వాస సంబంధమైన ఇబ్బందులకు అక్కడికక్కడే చికిత్స చేశారు. ఎవరినీ ఆసుపత్రికి తరలించవలసి రాలేదు.

ఇక్కడ ఒక అపోహను కూడా ప్రస్తావించుట ఉచితము. చలికాలపు ఉదయాలలో ఆకాశమున విమానాల వెనుక పొడవాటి తెల్లని చారలు కనబడతాయి. హైదరాబాదు నుండి నాగపూర్, ఢిల్లీ వైపు పోయే విమానాలు ఉత్తర తెలంగాణ మీదుగానే పోతాయి గనుక కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఈ చారలు పరిచితమైన దృశ్యమే. అది విమానము వదిలిన నూనె అని కొందరు అనుకొంటారు. నిజానికి అవి ఇంజన్ల పొగలోని నీటియావిరి పైన ఉండే తీవ్రమైన చలికి గడ్డకట్టగా ఏర్పడిన మంచుకణాలు. అవి ఇంజన్ల వెనుకనుండి మొదలవుతాయి, చాలాసేపు నిలుస్తాయి. విసర్జించిన ఇంధనము రెక్కల కొసలకు దగ్గరగా రెండు ధారలుగా బయలుదేరి, కొద్ది దూరములోనే కనుమరుగవుతుంది.

వదలలేని విమానాలు

హైదరాబాదు నుండి షార్జా, దుబాయి, మస్కట్ వంటి నగరాలకు వెళ్ళే విమానాలలో 737, ఎ320 రకాలవి అనేకము. వీటిలో లోపము తలెత్తితే పైలట్ల ముందు రెండే దారులుంటాయి. ఒకటి, అధిక బరువుతోనే దిగుట. రెండు, ఆకాశములో తిరుగుతూ ఇంధనమును కాల్చుట. 737-800 మామూలు ప్రయాణములో గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనమును వాడుతుంది. తక్కువ ఎత్తున, చక్రాలు బయటకు దించి ఎగిరితే గాలి నిరోధము పెరిగి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. అయినా పది టన్నులు తగ్గించుటకు గంటల కాలము పడుతుంది.

దక్షిణ భారతములో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 2024 అక్టోబరు 11నాటిది. తిరుచిరాపల్లి నుండి షార్జాకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737-800 విమానములో పైకి లేచిన కొద్దిసేపటికే హైడ్రాలిక్ వ్యవస్థలో లోపము కనబడింది. రెండు గంటలకు పైగా ఆ విమానము తిరుచిరాపల్లి పరిసరాలలోనే చక్కర్లు కొట్టి, ఇంధనము తగ్గిన తరువాత రాత్రి 8 గంటలు దాటిన పిమ్మట క్షేమముగా దిగింది. ఆ రెండు గంటలూ టెలివిజన్ చానళ్ళు దానిని ప్రత్యక్షముగా చూపాయి. ఇంధనమును వదిలివేసి వెంటనే ఎందుకు దిగలేదన్న ప్రశ్న ఆనాడు చాలామంది నోట వినబడింది. దానికి సమాధానము ఒక్కటే, ఆ విమానానికి వదిలే గొట్టాలే లేవు.

అదే సంవత్సరము జూన్ 20న హైదరాబాదు నుండి కౌలాలంపూర్‌కు అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ విమానములో, పైకి ఎక్కుతుండగా ఒక ఇంజనులో సమస్య వచ్చింది. ఇంజను నుండి నిప్పురవ్వలు ఎగజిమ్ముతున్న దృశ్యాన్ని ప్రయాణీకులు చిత్రీకరించారు. విమానము శంషాబాదుకే తిరిగివచ్చి తెల్లవారకముందే సురక్షితముగా దిగింది. అది కూడా 737-800 రకమే.

ఒకే ఊరి దీపాలు కిటికీలోనుండి మళ్ళీ మళ్ళీ కనబడుతూ ఉంటే, మొదటిసారి విమానమెక్కినవారికి భయము కలుగుట సహజము. దిగుటకు చోటు దొరకక తిరుగుతున్నదని, చక్రాలు తెరుచుకోలేదని పుకార్లు పుడతాయి. చాలా సందర్భాలలో ఆ తిరుగుట ప్రమాదానికి సూచన కాదు. పైలట్లకు తొందర లేదనీ, విమానము అదుపులోనే ఉన్నదనీ దాని అర్థము. నిజముగా తొందర ఉన్నప్పుడు వారు బరువును చూడరు.

కాలమా, బరువా

ఇంధన విసర్జన నిర్ణయములోని అసలు కష్టము ఇక్కడే ఉన్నది. నిప్పు, పొగ, అదుపు తప్పుట, ప్రయాణీకుని ప్రాణాపాయము వంటి పరిస్థితులలో 50 నిమిషాలు ఆగుట సాధ్యము కాదు. గల్ఫ్ నుండి ఇంటికి వస్తున్న ఒక ప్రయాణీకునికి గుండెపోటు వచ్చినదనుకొందాము. దగ్గరి విమానాశ్రయములో అధిక బరువుతో దిగి, తరువాత తనిఖీ చేయించుకొనుటయే తగిన పని. మరోవైపు ఒక ఇంజను మామూలుగా ఆపివేసి, మిగిలినది సరిగా నడుస్తూ ఉంటే, నిదానముగా ఇంధనము వదిలి తక్కువ బరువుతో దిగుటయే క్షేమము. ఈ రెండింటి నడుమ ఉండే సందర్భాలే పైలట్లకు పరీక్ష. నియమాలు తుది నిర్ణయాధికారమును కెప్టెన్‌కే వదిలినవి.

1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుండి జెనీవాకు వెళుతున్న స్విస్ఎయిర్ 111 అనే ఎండి-11 విమానములో కాక్‌పిట్‌లోనికి పొగ వచ్చింది. కెనడాలోని హాలిఫాక్స్ వైపు మళ్ళిన పైలట్లు, విమానము ఎత్తుగానూ బరువుగానూ ఉన్నందున ఇంధనము వదులుటకై సముద్రము వైపు తిరిగారు. ఈలోగా పైకప్పు వెనుక మంటలు వ్యాపించి విద్యుత్ వ్యవస్థలు ఒక్కొక్కటిగా పోయినవి. విమానము పెగ్గీస్ కోవ్ సమీపమున సముద్రములో కూలి, అందులోని 229 మందీ మరణించారు. ఇంధనము కొరకు ఆగకపోతే బ్రతికేవారా అన్న ప్రశ్న ఏళ్ళ తరబడి వినబడింది. కెనడా దర్యాప్తు సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక, మంటలు వ్యాపించిన వేగమును బట్టి వెంటనే దిగ ప్రయత్నించినా రన్‌వేను చేరేంత సమయము ఉండేది కాదని తేల్చింది. అయినా ఈ ప్రమాదము తరువాత, పొగ ఎక్కడిదో తెలియనప్పుడు బరువు సంగతి ప్రక్కన పెట్టి వెంటనే దిగుట మేలన్న శిక్షణ విమాన సంస్థలలో బలపడింది.

విసర్జన యంత్రాంగమే పాడైతే ఏమగునన్నదానికి 2010 నవంబరు 4నాటి క్వాంటాస్ 32 సంఘటన ఉదాహరణ. సింగపూర్ నుండి సిడ్నీకి బయలుదేరిన ఈ ఎ380 విమానములో ఒక ఇంజను పగిలి, దాని ముక్కలు రెక్కను చీల్చినవి. ఇంధనము వదిలే వ్యవస్థ పనిచేయలేదు. పైలట్లు ఆకాశములో చాలాసేపు ఉండి విమానపు స్థితిని పరిశీలించి, లెక్కలు వేసుకొని, దిగదగిన బరువును పదుల టన్నులు మించిన స్థితిలోనే చాంగీ విమానాశ్రయములోని 4,000 మీటర్ల రన్‌వే మీద దిగారు. రన్‌వే చివరకు సుమారు 150 మీటర్ల దూరములో విమానము ఆగింది. చక్రాలు విపరీతముగా వేడెక్కి కొన్ని టైర్లు చదునైనవి, రెక్క చిల్లులలోనుండి ఇంధనము కారుతున్నది. లోపలున్న 469 మందిలో ఎవరికీ గాయాలు కాలేదు.

సైనిక విమానాలలో

యుద్ధవిమానాలలో కూడా ఇంధనము వదిలే ఏర్పాటు ఉంటుంది. ఆస్ట్రేలియా వాయుసేనకు చెందిన ఎఫ్-111 విమానములో వదిలే గొట్టము రెండు ఇంజన్ల నడుమ ఉండుటచే, ఆఫ్టర్‌బర్నర్ మంట తగిలించి తోక వెనుక పొడవైన అగ్నిజ్వాలను సృష్టించేవారు. 2010లో ఆ విమానాలు విరమించేవరకు ప్రదర్శనలలో ఇది పెద్ద ఆకర్షణ. ప్రయాణీకుల విమానాలలో గొట్టాలను ఇంజన్లకు దూరముగా రెక్క కొసల వద్ద పెట్టుటకు కారణము కూడా దీనినుండి తేలికగా గ్రహించవచ్చును.